గింజ ముట్టనన్న ఒట్టు

ఆ రోజు నాగేశ్ ‘అన్నం’ అని ఉంటే సరిపోయేది. అన్నం అనాలనే లేచాడు కూడా. కానీ చేతికి మైకు, ఎదురుగా జనం దొరికితే ఇరవై ఏళ్ల వాడి నోరు వాడి మాట వింటుందా? ‘గింజ’ అనేసింది.

ప్రత్యేక తెలంగాణ కోసం వేసిన సిద్దిపేట దీక్షల టెంటులో రోజుకో బృందం వచ్చి పొద్దున నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చునేది. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు బీడీలు చుట్టే ఆడవాళ్లు, ఇంకోరోజు ఆటోవాళ్లు. మనుషులు మారేవాళ్లు గానీ రెండు మాత్రం మారేవి కావు. ఒకటి, ముందు బల్ల మీద పూలదండ వేసిన రాజలింగం ఫోటో. రెండోది, దాని పక్క కుర్చీలో రాజలింగం తండ్రి దుబ్బయ్య. తెలంగాణ సభకని హైదరాబాద్ వెళ్లిన రాజలింగం, వచ్చేటప్పుడు కిక్కిరిసిన లారీ మీంచి జారిపడి చనిపోయాడు. కొడుకును మట్టిచేసిన మర్నాటి నుంచి దుబ్బయ్య ఇంట్లో కంటే ఆ కుర్చీలోనే ఎక్కువ ఉన్నాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

నాగేశ్ ఆ ఊరివాడే. తల్లి బాలలక్ష్మి బీడీలు చుడుతుంది. తండ్రి భివండీలో మగ్గాల మీద ఉంటాడు. కోమటి చెరువులో ఈత కొట్టే రోజుల్లో పడవల కోచ్ దత్తాత్రి సార్ కంట్లో పడి, జాఫర్ టెంట్ హౌస్ వాళ్ల ఆతిఫ్‌తో కలిసి హైదరాబాద్‌లో పడవ పందేలు నేర్పే హాస్టల్లో చేరాడు. ఇద్దరూ కలిసి హుస్సేన్ సాగర్ మీద ఒకే పడవ నడుపుతారు. సెలవు దొరికితే వచ్చి టెంటులో ఒకరోజు కూర్చోవాలని నాగేశ్‌కు ఎప్పటి నుంచో ఉంది. ఆ రోజు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వెనక నుంచి ఎవరో అననే అన్నారు.

“నువ్వు ఆంధ్రప్రదేశ్ బనీను ఏస్కొని పడవ నడిపెటోనివి. గీడ నీకేం పని రా?”

జనం నవ్వారు. రాష్ట్రం తరఫున ఆడితే బనీను మీద రాష్ట్రం పేరే ఉంటుంది, ఇంకో పేరు అప్పటికి పుట్టనే లేదు. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ నాగేశ్‌కు ఒళ్లు మండింది. లేచి మైకు లాక్కున్నాడు, ఫోటో మీద చెయ్యి పెట్టాడు.

“రాజలింగమన్న మీద ఒట్టు! తెలంగాణ వచ్చేదాక గింజ ముట్ట!”

టెంటు ఈలలతో ఊగిపోయింది. ఎవరి మాటకూ తలెత్తని దుబ్బయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. నాగేశ్ తల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆ చెయ్యి బరువు నాగేశ్‌కు తర్వాత చాలా కాలం తెలుస్తూనే ఉంది.

చప్పట్లు కొట్టనిది ఆతిఫ్ ఒక్కడే. బయటికి రాగానే పట్టుకున్నాడు.

“గింజ అంటే ఏందేందో ఎరుకేనా నీకు? బియ్యం, జొన్నలు, మక్కలు, గోధుమలు, ఆఖరికి పప్పు గూడ గింజనే.”

“కోడి గింజ కాదు గదా? గుడ్డు కాదు గదా? ఇంకేం గావాలె?”

నాగేశ్‌ది ఉత్త పొగరు కాదు. ఊళ్లో కసరత్తు నేర్పేవాళ్లంతా ఒకటే పాట పాడేవాళ్లు, అన్నం తింటే పొట్ట వస్తుంది, నిద్ర వస్తుంది, కండ రావాలంటే గుడ్లూ మాంసమే తినాలని. కాబట్టి ఒట్టుకు ఒట్టు, ఒంటికి మేలు అనుకున్నాడు. త్యాగం చేసిన పేరు వస్తుంది, నష్టమేమీ లేదు. చెప్పొద్దూ, కాస్త లాభసాటి బేరంలాగే అనిపించింది వాడికి.

మొదట్లో అలాగే అయింది కూడా. హాస్టల్ మెస్సులో అందరూ అన్నం కుప్పలు పోసుకుంటుంటే వీడు గుడ్లు, కోడికూర, పెరుగు, ఆకుకూరలతో లేచేవాడు. వారం తిరిగేసరికి బరువు తగ్గాడు. “చూస్తివా, ఎట్ల అల్కగైన్నో!” అని ఆతిఫ్ ముందు పొట్ట చరుచుకున్నాడు. వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసి “తిన్నవా బిడ్డా?” అని అడిగేది. “తిన్న” అనేవాడు. ఏం తిన్నాడో ఆమె అడిగేది కాదు, అడిగితే ఏడుపొస్తుందని.

తర్వాత అసలు సంగతి పడవ చెప్పడం మొదలుపెట్టింది.

పడవ పందెంలో నడిపేవాళ్లు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. చేరాల్సిన గట్టు కనిపించదు, వదిలి వచ్చిన గట్టే కనిపిస్తుంటుంది. జోడీ పడవలో నాగేశ్‌ది లయ పట్టే చోటు. వాడి వెనక కూర్చునే ఆతిఫ్ వాడి వీపును చూస్తూ తెడ్లు వెయ్యాలి. పందెం రెండు వేల మీటర్లు, ఏడు నిమిషాల పని. సగం దూరం దాకా నాగేశ్ ఎప్పటిలాగే లాగేవాడు. అక్కడి నుంచి కాళ్లు తనవి కానట్టయ్యేవి. నొప్పి అయితే పళ్లు బిగబట్టి ఓర్చుకునేవాడే. ఇది నొప్పి కాదు. తొయ్యమంటే కాళ్లలో తోసేందుకు ఏమీ ఉండేది కాదు. పడవ నీళ్లలో బరువెక్కేది, వెనక ఆతిఫ్ ఊపిరి ఒక్కటే గట్టిగా వినిపించేది.

తన మనసే గట్టిది కాదేమో అనుకున్నాడు నాగేశ్. ఇంకా ముందు లేచాడు, ఇంకా ఎక్కువ లాగాడు. అలా లాగిన కొద్దీ ఇంకా నీరుగారిపోయాడు. రాత్రి నిద్ర పట్టేది కాదు, పగలు ఊరికే చిరాకు పుట్టేది. ఒకరోజు గట్టు మీద ఆతిఫ్ నవ్వుతూనే, చిన్నప్పుడు పిల్లలంతా అనే మాట అన్నాడు.

“ఒట్టు దీసి గట్టు మీద పెట్టరాదు రా!”

నాగేశ్ వాడి కాలర్ పట్టుకున్నాడు. పట్టుకున్నాక తన చెయ్యి చూసి తానే భయపడి వదిలేశాడు. ఆతిఫ్ తెడ్లు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

దత్తాత్రి సార్ మిలిటరీలో పడవలు నడిపి వచ్చినవాడు, మాటల మనిషి కాడు. నాగేశ్‌ను తెడ్ల మిషన్ మీద కూర్చోబెట్టి లాగించాడు. వేగం నెల నెలా పడిపోతోంది. ముందు బద్ధకం అనుకుని తిట్టాడు. తర్వాత మెస్సులో వాడి ఎదురుగా కూర్చుని పళ్లెం చూశాడు, విషయం బయటపడింది.

“మొదట తగ్గింది కొవ్వు అనుకున్నవా?” అన్నాడు సార్. “నీళ్లు. అన్నం, రొట్టె తింటే ఒంట్లె చక్కెరైతది. దాన్ని కండలు దాచుకుంటయి, దాంతోని కొంత నీళ్లు గూడ ఉంటయి. పందెంల గట్టిగ లాగుతున్నప్పుడు కండ ఆ చక్కెరనే కాల్చుకుంటది. కొవ్వు గూడ కాలుతది గనీ మెల్లగ, పందెం వేగం అందుకోదు. నువ్వు పొద్దున మాపు లాగుతున్నవ్, దాచిందంత ఖతం జేస్తున్నవ్, మళ్ల నింపుతలేవు. గుడ్లు కండ కడ్తయి. పొయ్యిల కట్టె లేకుంటే గిన్నె ఎంత పెద్దదైతే ఏం ఉడుకుతది?”

“అరటిపండ్లు తింట సార్.”

“తిను. నీ పనికి గెలలకు గెలలు తినాలె.”

“ఆలుగడ్డ గింజ గాదు గదా,” అన్నాడు పక్క నుంచి ఆతిఫ్, పాత కోపం మరిచిపోయి.

నిజమే, గింజ కాదు. నాగేశ్ ఆ పూట ఆలుగడ్డ కూర వడ్డించుకున్నాడు కూడా. ముద్ద నోటి దాకా వచ్చేసరికి తల మీద దుబ్బయ్య చెయ్యి గుర్తొచ్చింది. చనిపోయినవాడి ఫోటో మీద చెయ్యి పెట్టి అన్న మాటకు సందులు వెతకడం వాడికి రోత పుట్టించింది. నిలబెడితే మాట నిండుగా నిలబెట్టాలి, లేదా తప్పానని చెప్పాలి. రెండూ చేతకాక పళ్లెం వదిలేసి లేచాడు.

సార్ వాడి వెనకే వచ్చి ఒక్క మాట అన్నాడు.

“ఒట్టు నీ ఒక్కనిది. పడవ ఇద్దరిది. యాదికుంచుకో.”

రాష్ట్ర జట్టుకు ఎంపిక పందెం దగ్గర పడుతుండగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మెస్సు వాళ్లు కూడా సమ్మెలోకి వెళ్లారు. హాస్టల్ కొన్నాళ్లు మూసి, పందెం వారం ముందు రమ్మన్నారు. మిత్రులిద్దరూ ఆతిఫ్ తండ్రి జాఫర్ ట్రాలీ ఆటోలో, షామియానా గుడ్డల మీద పడుకుని సిద్దిపేట చేరారు.

ఆతిఫ్ తల్లి షమ్షున్నీసా నాగేశ్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చెంపలు పీక్కుపోయి, కళ్ల కింద నల్లబడి ఉన్నాడు. కూర్చోబెట్టి కిచిడీ, పుల్లటి ఖట్టా పెట్టింది. నాగేశ్ పళ్లాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. ఆమెకు సంగతి తెలుసు, ఊరందరికీ తెలుసు.

“మేం గూడ రోజాల పస్తుంటం బేటా,” అంది పళ్లెం తియ్యకుండానే. “పొద్దుగూకంగ మగ్రిబ్ అజాన్ వినవడంగనే ఖజూర్ పండు నోట్లె ఏస్కుంటం. నీ రోజాకు మగ్రిబ్ ఎప్పుడు?”

“తెలంగాణ వచ్చిననాడు అమ్మీ.”

“వస్తది. వచ్చేనాటికి నువ్వు మనిషివి మిగలాలె గద!”

ఆతిఫ్ అప్పటిదాకా గోడ వైపు చూస్తున్నాడు. “అమ్మీ, మన దాంట్ల ఒట్టు తప్పితే ఏం జేస్తరు?” అన్నాడు.

“కఫ్ఫారా ఇయ్యాలె. ఆకలిమీదున్నోళ్లను పది మందిని చూసి కడుపునిండ తినవెట్టాలె. మనం తినేటిదే వాళ్లకూ పెట్టాలె, తక్కువది గాదు.” ఆమె నాగేశ్ వైపు తిరిగింది. “ఇది మా రివాజు, నీకు జెప్పెటందుకు నేనెవర్ని? కని దొంగతనంగ మాత్రం తినకు బేటా. ఎవరి పేరు మీద ఒట్టు వెట్టినవో ఆ ఇంటోళ్లకు మొకం మీద చెప్పాలె.”

“దుబ్బయ్య పెద్దబాపు నా నెత్తి మీద చెయ్యి వెట్టిండు అమ్మీ. ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?” అన్నాడు నాగేశ్. “ఆయన కొడుకునే ఇచ్చిండు. నేను గింజలు గూడ ఇడ్వలేనని చెప్పాల్నా?”

అప్పుడు ఆతిఫ్ చెప్పాడు. ఇన్నాళ్లు దాచిన మాట.

“సార్ నన్ను వేరే జోడీల కూసోమన్నడు. మనిద్దరం పోతే గ్యారంటీగ ఓడుతమన్నడు. నేను ఒద్దన్న.”

“ఎందుకు ఒద్దన్నవ్?”

“నీ వీపు తప్ప ఇంకో వీపు చూస్కుంట తెడ్లేసుడు నాకు రాదు,” అన్నాడు ఆతిఫ్, విసుగ్గా. “ఓడుదాం తియ్. ఏమైతది?”

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈసారి ఎంపిక కాకపోతే హాస్టల్లో చోటు పోతుంది. నాగేశ్ అమ్మకు బీడీల గంప, నాన్నకు మగ్గం ఉన్నట్టే, ఆతిఫ్‌కు షామియానా గుంజలు కాచుకుని ఉన్నాయి. ఆ పని తప్పని కాదు. కానీ నీళ్ల కోసమే పుట్టినవాడు వాడు. వాణ్ని తన ఒట్టుకు కట్టి ముంచుతున్నానని నాగేశ్‌కు ఆ క్షణాన తెలిసొచ్చింది.

వాళ్లు ఊరు చేరిన మూడో నాడు, సమ్మెలో భాగంగా హైవే మీద వంటా వార్పు. ఊరంతా రోడ్డు మీదికొచ్చి రాళ్ల పొయ్యిలు పెట్టింది. జాఫర్ గుండిగలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఆడవాళ్లు ఒకచోట అన్నం, ఒకచోట పప్పు, ఒకచోట పచ్చిపులుసు చేస్తున్నారు. రోడ్డుకు అటూ ఇటూ లారీలు బారులు తీరి ఆగిపోయాయి. ఏ ఊరివాళ్లో పాపం, డ్రైవర్లూ క్లీనర్లూ పొద్దుటి నుంచి ఎండలో, తిండి లేక బిక్కచచ్చి కూర్చున్నారు. వాళ్ల ఆకలికి కారణం తామేనని ఆ హడావుడిలో ఎవరికీ తట్టినట్టు లేదు.

నాగేశ్ నేరుగా తల్లి దగ్గరికి వెళ్లాడు. బాలలక్ష్మి గంజి వార్చి మూత తీస్తోంది. కొడుకు వచ్చి గరిట అడిగితే, వడ్డిస్తాడు కాబోలనుకుని ఇచ్చింది.

వాడు మొదట లారీల దగ్గరికే వెళ్లాడు. ఆతిఫ్ విస్తరాకులు వేస్తుంటే వీడు అన్నం పెట్టాడు. కడుపు నిండిందా అని అడిగి అడిగి పెట్టాడు. ఒక ముసలి డ్రైవర్ తెలుగు రాక చేతులెత్తి దండం పెడితే నాగేశ్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. తొమ్మిది మంది అయ్యాక ఆతిఫ్ వాడి భుజం తట్టి చెట్టు నీడకేసి చూపించాడు. అక్కడ దుబ్బయ్య ఒక్కడే కూర్చున్నాడు, ముందు విస్తరి లేకుండా.

నాగేశ్ ఆయన ముందు విస్తరి పరిచి అన్నం పెట్టి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“పెద్దబాపు, నేను ఒట్టు తప్పుతున్న.”

దుబ్బయ్య తలెత్తాడు.

“తప్పుదామని పెట్టలే. నాతోని అయితలేదు. పడవ నడుస్తలేదు, నాతోని ఆతిఫ్ గూడ మునుగుతుండు. రాజలింగమన్న మీద చెయ్యేసి చెప్పిన, నిలబెట్టుకోలేకపోయిన. నువ్వు తిట్టు, కొట్టు. నీకు జెప్పకుంట మాత్రం తినబుద్ది కాలే.”

చుట్టూ పదిమంది మూగారు. “గింజ ముట్టనన్నోడు గిదేంది? మైకుల ఒకటి, ఇస్తారి ముంగట ఒకటా?” అన్నారెవరో. బహుశా ఆనాడు బనీను మాట అన్నవాడే అయి ఉంటాడు, అలాంటివాళ్లు అంతటా ఉంటారు. బాలలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని దూరాన నిలబడిపోయింది.

దుబ్బయ్య విస్తరిలోకే చూస్తూ నోరు విప్పాడు. ఆయన మాట్లాడటం ఆ టెంటువాళ్లు విని ఎన్నాళ్లయిందో.

“ఆ పొద్దు గూడ పళ్లెంల అన్నమే పెట్టినం,” అన్నాడు. “మీటింగుకు పోవద్దని నేనే లొల్లి జేసిన. పళ్లెం అవతలికి నూకి పోయిండు. వాళ్లమ్మ సందు మలుపు దాక ఉరికింది, రెండు బుక్కలు తినిపో బిడ్డా అనుకుంట. తిరిగి సూడలే. దవాఖానల మళ్ల సూసిన వాణ్ని. అంతమందిల ఎవర్ని అడగాలె, నా కొడుకు ఏమన్న తిన్నడా అని?”

మూగినవాళ్లలోంచి ఒకామె వచ్చి విస్తరిలో పప్పూ పచ్చిపులుసూ వేసింది.

“నువ్వు ఒట్టు వెట్టుకున్ననాడు నాకు సంబురమైంది రా. నా కొడుకును యాదిల ఉంచుకున్నరనుకున్న. పస్తుంటవని మతికి రాలే.” ఆయన విస్తరిలో అన్నం కలిపాడు. పప్పూ పచ్చిపులుసూ అన్నీ ఒకటే చేసి, పసిపిల్లాడికి కలిపినట్టు మెత్తగా కలిపి ముద్ద చేసి, నాగేశ్ నోటి దగ్గర పెట్టాడు. “తిను. తినకుంట పోయినోడు ఒక్కడు సాలు.”

నాగేశ్ నోరు తెరిచాడు. ఏడుపూ ముద్దా కలిసిపోయి మింగుడు పడలేదు. దుబ్బయ్య ఎడమ చేత్తో వాడి వీపు నిమురుతూ ఇంకో ముద్ద కలిపాడు. మూడో ముద్ద ఆతిఫ్ నోట్లో పెట్టాడు. నాలుగోది, అందరూ చూస్తుండగా, తాను తిన్నాడు. గేలి చేసినవాడు ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ గమనించలేదు.

ఆ మర్నాటి నుంచి పందెం దాకా నాగేశ్ తిన్న తిండికి లెక్క లేదు. బాలలక్ష్మి పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి జొన్నరొట్టె పెట్టింది. హాస్టల్‌కు వెళ్లాక దత్తాత్రి సార్ మెస్సు గుమ్మంలో నిలబడి ఇంకో గరిట వెయ్యమనేవాడు. నాలుగు రోజులు తిరగకుండానే వాడికి రాత్రిళ్లు నిద్ర పట్టింది. కాళ్లు మళ్లీ తనవయ్యాయి.

పందెం నాడు హుస్సేన్ సాగర్ మీద గాలి లేదు. సగం దూరం దాటాక నాగేశ్‌కు భయం వేసింది. ఇక్కడే కదా ఎప్పుడూ కాళ్లు చచ్చేవి. తొక్కాడు. కాళ్లు పలికాయి. మళ్లీ తొక్కాడు, మళ్లీ పలికాయి. ఆఖరి ఐదు వందల మీటర్లలో ఊపిరితిత్తులు మండిపోతున్నాయి, చేతులు నొప్పితో అరుస్తున్నాయి. కానీ ఇది పనిచేస్తున్న ఒంటి నొప్పి, పళ్లు బిగబట్టి ఓర్చుకునే నొప్పి. వెనక నుంచి ఆతిఫ్ “లాగు రా, లాగు!” అని అరుస్తున్నాడు. వదిలి వచ్చిన గట్టు అంతకంతకూ చిన్నదైపోయింది. రెండో పడవ వాళ్ల కళ్ల ముందు, అంటే వెనక, ఆగిపోయినట్టే ఉండిపోయింది.

జట్టుకు ఎంపికైన పేర్లు చదివినప్పుడు ఇద్దరికీ నిలబడే ఓపిక లేదు. తడి బనీన్లతో గట్టు మీద ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ ఏడుస్తున్నారు. అప్పుడు నాగేశ్ సెల్ మోగింది. టెంటులో ఎవరి ఫోనో అడిగి పుచ్చుకున్నట్టున్నాడు, అవతల దుబ్బయ్య.

“పెద్దబాపూ!” అన్నాడు నాగేశ్. గెలిచామని చెప్పబోయాడు.

“తిన్నవా బిడ్డా?”

“పొద్దుగాల తిన్న. ఇప్పుడే అయింది పందెం, మళ్ల తినలేదు ఇంక.”

“పో మరి. ముందుగాల తినిరా. ఆ పిలగాన్ని గూడ తోల్కపో.”

ఫోన్ పెట్టేశాడు. పందెం సంగతి అడగనే లేదు. నాగేశ్ లేచి, ఆతిఫ్‌కు చెయ్యిచ్చి లేపి, మెస్సు వైపు నడిచాడు.